‘అది కాదండీ’ అనే మాట కోసం

విజయవాడలో ‘కౌన్సెలింగ్’ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇంజినీరింగ్ సీటు. ర్యాంకు వచ్చాక కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే తతంగం అది. ఆ తర్వాత గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్. రౌడీషీటర్లను పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారనీ, తాగి బండి నడిపినవాళ్లకు ఇంట్లోవాళ్ల ముందే కౌన్సెలింగ్ ఇచ్చారనీ పేపర్లో తరచూ చదువుతుంటాం. మనసు బాగోలేనప్పుడు వెళ్లి మాట్లాడే కౌన్సెలింగ్ వీటన్నిటి తర్వాతే. మన వాడుకలో కౌన్సెలింగ్ ‘ఇచ్చేది’. ఒకరు చెబుతారు, ఇంకొకరు తల వంచుకుని వింటారు.

ఈ అలవాటు థెరపీ గదిలోకి కూడా వస్తుంది. ఒక సన్నివేశం ఊహించుకోండి. సూర్యారావుపేటలో ఒక క్లినిక్. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అబ్బాయిని తీసుకుని అతని మేనమామ, తండ్రి వచ్చారు. అబ్బాయి నెల రోజులుగా సరిగా తినట్లేదు, ఔటింగ్ ఇచ్చినా ఇంటికి రావట్లేదు. కుర్చీలో కూర్చోగానే మేనమామ మొదలుపెడతాడు. “మా వాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి మేడమ్. నాలుగు మంచి మాటలు చెప్పండి. తెలివైనవాడే, కాకపోతే అనవసరంగా టెన్షన్ పడుతున్నాడు.” తండ్రి పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. అబ్బాయి నేల చూస్తున్నాడు.

మేనమామకు పిల్లాడంటే ప్రేమే. కానీ ఆయన అడుగుతున్న పని, థెరపిస్టు నేర్చుకుని వచ్చిన పని ఒకటి కావు. నాలుగు మంచి మాటలు ఆ అబ్బాయి ఇప్పటికే నలభై సార్లు విని ఉంటాడు. అతనికి ఇంతవరకు దొరకనిది వేరే. తన లోపల ఏం జరుగుతోందో ఒక మనిషి తొందరపడకుండా విని, తనకు అర్థమైందో లేదో తననే అడిగి సరిచూసుకోవడం. థెరపిస్టులు సహానుభూతి అనే మాటతో చెప్పేది ఇదే. ఇందులో రెండో సగం, అంటే సరిచూసుకోవడం, చాలామంది లెక్కలోకి తీసుకోరు. తెలుగు ఇళ్లలో పెరిగిన మనుషులతో పనిచేసేటప్పుడు ఆ రెండో సగమే అన్నిటికన్నా కష్టమైన పని.

మాటలతోనే మొదటి చిక్కు

‘సానుభూతి’ అనే మాటను మనం చాలా వాడేశాం. ఎవరైనా పోతే ప్రగాఢ సానుభూతి తెలుపుతాం. నాయకుడు చనిపోయి ఉప ఎన్నిక వస్తే సానుభూతి పవనాలు వీస్తాయంటాం. అలా ఆ మాట బయట నిలబడి జాలిపడటం దగ్గర స్థిరపడిపోయింది. దానికి వేరుగా ‘సహానుభూతి’ని తెచ్చుకున్నాం. సహ, అనుభూతి: కలిసి అనుభవించడం. మరో ఇబ్బంది ఏమిటంటే హిందీలో ఇదే సహానుభూతి మన సానుభూతికి సమానం. అసలు అర్థానికి వాళ్లు ‘సమానుభూతి’ అంటారు. రెండు భాషల్లోనూ పనిచేసే కౌన్సెలర్లు ఒకే మాటను రెండు అర్థాల్లో వింటూ ఉంటారు. కొందరు తెలుగులో ‘తదనుభూతి’ అని కూడా రాస్తారు. క్లయింటు ముందు మాత్రం ఈ మాటలేవీ రావు. అక్కడ మాట్లాడే భాష వేరు, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇంగ్లీషులో దీనికి వాడే ‘ఎంపతీ’ అనే మాట కూడా పాతదేం కాదు. 1873లో రాబర్ట్ విషర్ అనే జర్మన్ పండితుడు కళ గురించి రాస్తూ, చూసేవాడు తన భావాన్ని చూస్తున్న రూపంలోకి పంపడానికి ఒక పేరు పెట్టాడు. థియోడర్ లిప్స్ ఆ ఊహను మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకునే తీరుకు విస్తరించాడు. 1909లో ఎడ్వర్డ్ టిచెనర్ దాన్ని ‘ఎంపతీ’గా ఇంగ్లీషులోకి తెచ్చాడు. అంటే ఆ మాట పుట్టింది ఆసుపత్రిలో కాదు, బొమ్మలూ శిల్పాల ముందు. మనకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. కావ్యాన్ని లోపలికి తీసుకోగల పాఠకుడిని మన అలంకారికులు ‘సహృదయుడు’ అన్నారు. నాటకంలో హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడితే చూసేవాళ్లకు కన్నీళ్లు వస్తాయి. కానీ కొడుకును పోగొట్టుకున్నది తామేనని ఎవరూ అనుకోరు. శోకం ఆ పాత్రది, ప్రేక్షకుడికి అందేది కరుణ రసం. ఈ రెంటి మధ్యా ఉన్న సన్నని గీతే థెరపీలోనూ అసలు విషయం.

ఆ గీతను అందరికన్నా స్పష్టంగా గీసినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్. థెరపీలో మనిషి మారడానికి కావలసిన పరిస్థితుల గురించి 1957లో రాసిన వ్యాసంలో ఆయన సహానుభూతిని ఇలా వివరించాడు: క్లయింటు లోపలి లోకాన్ని నీదే అన్నట్టుగా గ్రహించాలి, కానీ ఆ ‘అన్నట్టుగా’ను ఎప్పుడూ వదిలిపెట్టకూడదు. తెలుగులో ‘అన్నట్టు’ అనే చిన్న మాట మీదే ఈ నిర్వచనం బరువంతా ఉంది. అది పడిపోతే థెరపిస్టు క్లయింటు బాధలో కొట్టుకుపోతారు. అప్పుడు గదిలో మునిగిపోతున్నవాళ్లు ఇద్దరవుతారు, గట్టు మీద ఎవరూ ఉండరు. మరీ గట్టిగా పట్టుకుంటే థెరపిస్టు గట్టు మీదే ఉండిపోయి “అయ్యో పాపం” అంటారు. అది జాలి.

లోపల కలిగితే చాలదు

సహానుభూతి అనగానే అది థెరపిస్టు మనసులో కలిగే ఒక మంచి భావం అనుకుంటాం. మంచి మనసున్నవాళ్లకు అది సహజంగానే వస్తుందని కూడా అనుకుంటాం. 1981లో గాడ్‌ఫ్రీ బారెట్-లెన్నార్డ్ అనే మనస్తత్వవేత్త దీన్ని మూడు దశలుగా విడదీశాడు. క్లయింటు మాట విన్న థెరపిస్టు లోపల ఏదో కదలడం మొదటిది. ఆ అర్థమైనదాన్ని మాటలోనో ముఖంలోనో చూపించడం రెండోది. క్లయింటుకు అది అందడం, తనను అర్థం చేసుకున్నారని అతనికి అనిపించడం మూడోది. ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లేటప్పుడు ఎంతో కొంత జారిపోతుంది. థెరపిస్టు లోపల గుండె కరిగిపోతూ ఉండవచ్చు, క్లయింటు మాత్రం “ఈవిడ టైం చూసుకుంటోంది” అనుకుంటూ ఉండవచ్చు.

పరిశోధనలు కూడా ఈ మూడో దశ వైపే చూపిస్తున్నాయి. రాబర్ట్ ఇలియట్, ఆయన సహచరులు 2018లో ప్రచురించిన విశ్లేషణ 82 నమూనాలను, 6,138 మంది క్లయింట్లను కలిపి చూసింది. థెరపిస్టు సహానుభూతికీ, చికిత్స ఫలితానికీ మధ్య 0.28 సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలత, గరిష్ఠం 1) కనిపించింది. ఇది మధ్యస్థమైన సంబంధం. మాట్లాడే చికిత్సల్లో ఒక్క అంశానికి ఇంత కనబడటం చిన్న విషయం కాదు. అయితే సహానుభూతి వల్లే ఫలితం వచ్చిందని దీనితో తేలిపోదు, రెండూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే తెలుస్తుంది. అందులో ముఖ్యంగా గమనించాల్సింది మరొకటి. సహానుభూతి ఎంత ఉందో క్లయింటు చెప్పిన లెక్క ఫలితాన్ని బాగా సూచించింది. థెరపిస్టు తన గురించి తాను వేసుకున్న లెక్క అంతగా సూచించలేదు. కాబట్టి “నేను బాగా వింటాను” అని చెప్పుకునే థెరపిస్టు మాటకు విలువ తక్కువ. విన్నారో లేదో చెప్పాల్సింది ఎదుటి కుర్చీలో ఉన్న మనిషి.

ఇక్కడే మన ఊళ్ల సంగతి వస్తుంది. ఆ ఎదుటి మనిషి నిజం చెబుతాడా?

‘అవునండీ’ వెనక

మన దగ్గర డాక్టరుగారి ముందు కూర్చున్న మనిషి ‘కాదు’ అనడు. వయసులో పెద్దవాళ్లను, చదువుకున్నవాళ్లను, తెల్లకోటు వేసుకున్నవాళ్లను కాదనడం మర్యాద కాదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. “మీకు కోపం వచ్చినట్టుంది” అని థెరపిస్టు అంటే, వచ్చినది కోపం కాకపోయినా “అవునండీ” అనేస్తారు. “ఇప్పుడు కొంచెం తేలికగా ఉందా?” అంటే, లేకపోయినా “ఆఁ, పర్లేదండీ” అంటారు. ఆ ‘అవునండీ’లో ఒప్పుకోలు లేదు, గౌరవం ఉంది. దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్న థెరపిస్టు ఒక తప్పు ఊహ మీద నెలల తరబడి సిట్టింగులు నడిపేస్తారు. క్లయింటు మర్యాదగా నాలుగుసార్లు వచ్చి, అయిదోసారి రాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ తెలియదు.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరకు వద్దాం. మేనమామనూ తండ్రినీ బయట కూర్చోమన్నారు. కాసేపు కాలేజీ మెస్ గురించీ, గదిలో ఎంతమంది ఉంటారన్న దాని గురించీ మాటలు నడిచాక అబ్బాయి అన్నాడు:

“ఇంటికి వెళ్లాలనిపించట్లేదు మేడమ్.”

“ఇంట్లో మార్కుల గురించి అడుగుతారని భయంగా ఉందా?”

“అవును మేడమ్.”

మంచి ఊహే. ఇంటర్ పిల్లల విషయంలో పదికి ఎనిమిదిసార్లు నిజమయ్యే ఊహ. కానీ ఆ ‘అవును’ చాలా తొందరగా వచ్చింది, చూపు నేల మీద నుంచి లేవలేదు. అనుభవం ఉన్న థెరపిస్టు ఇక్కడ ముందుకు వెళ్లరు, వెనక్కి వస్తారు.

“నేనే తొందరపడి ఏదో అనేశానేమో. భయం అని నేనన్నాను, నువ్వు అనలేదు. నేనన్నది తప్పైతే నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది.”

కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత:

“భయం కాదు మేడమ్. నాన్న ఏమీ అనరు.”

“ఏమీ అనరు.”

“అదే మేడమ్. ఏమీ అనరు. ఫీజు వడ్డీకి తెచ్చి కట్టారు, నాకు తెలుసు. నేను వెళితే చికెన్ తెస్తారు. పక్కన కూర్చుని తిను నాన్నా అంటారు. తిట్టినా బాగుండు.”

“తిడితే లెక్క సరిపోయేది. ఏమీ అనకపోయేసరికి అదంతా నీ మీదే ఉండిపోతోంది.”

“ఆఁ. అదే.”

సహానుభూతి ఆ గదిలో ఎప్పుడు జరిగిందని అడిగితే, చాలామంది చివరి వాక్యం చూపిస్తారు. అసలు జరిగింది అంతకు ముందు, ఆ అబ్బాయి “భయం కాదు మేడమ్” అన్నప్పుడు. తనకన్నా పెద్ద, చదువుకున్న, తన గురించి రిపోర్టు రాయగల మనిషిని అతను కాదన్నాడు. కాదన్నా ఏమీ కాలేదు. మొదటి ఊహ తప్పడం వల్ల నష్టమేమీ లేదు. తప్పును సరిదిద్దే వీలు అతనికి ఇవ్వకపోయి ఉంటే నష్టం ఉండేది. భయానికి పనికొచ్చే మాటలు వేరు, అపరాధ భావానికి పనికొచ్చే మాటలు వేరు. “నాన్నగారు ఏమీ అనరులే, ధైర్యంగా వెళ్లు” అని పంపించి ఉంటే, ఆ పిల్లాడిని బాధపెడుతున్న విషయాన్నే ఓదార్పుగా చెప్పి పంపినట్టయ్యేది.

కాబట్టి కాదనే వీలును మాటల్లో ఏర్పాటు చేయాలి. “నేను చెప్పింది కరెక్టేనా?” అని అడిగితే “కరెక్టేనండీ” అనే వస్తుంది, ఆ ప్రశ్న అడిగే తీరే అలాంటిది. “నేను చెప్పినదాంట్లో ఏది తేడాగా ఉంది?” అని అడిగితే, తేడా ఉండటం మామూలే అని క్లయింటుకు అర్థమవుతుంది. “ఇది కొంచెమే కలిసిందనుకుంటా, మిగతాది మీరు చెప్పండి” అనడం ఇంకా మేలు. రోజర్స్ కూడా తన చివరి రోజుల్లో దీని దగ్గరకే వచ్చాడు. క్లయింటు అన్న మాటనే తిరిగి అప్పజెప్పడం ఆయన పద్ధతి అని లోకమంతా ప్రచారమైపోయింది. ఆయనకు అది బాధ కలిగించింది. తాను చేస్తున్నది క్లయింటు భావాలకు అద్దం పట్టడం కాదనీ, తన అవగాహన సరైనదో కాదో క్లయింటుతో పరీక్షించుకోవడమనీ 1986లో రాశాడు. తెలుగులో ఆ అప్పజెప్పడం మరీ కృతకంగా ఉంటుంది. “నిద్ర పట్టట్లేదండీ” అన్న మనిషితో “అంటే మీకు నిద్ర పట్టట్లేదన్నమాట” అంటే, ఆయన బయటకు వచ్చి “నేను చెప్పిందే మళ్లీ నాకు చెప్పింది, దానికి ఫీజు కూడా తీసుకుంది” అంటాడు. ఆయన అనడంలో తప్పులేదు.

బెంగను బెంగ అనడం

క్లయింటు వాడే మాటను పట్టుకోవడం సహానుభూతిలో సగం పని. తెలుగులో మనోబాధకు ఉన్న మాటలు అన్నీ ఒకటి కావు. దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు, గాబరా వేరు. బెంగ ఒకరి కోసమో, ఒక చోటు కోసమో పెట్టుకునేది. తల్లి కోసం పిల్లాడు బెంగపెట్టుకుంటాడు. అమెరికా వెళ్లిన కూతురి మీద అమ్మ బెంగపెట్టుకుంటుంది. ఆ మాటలోనే ఎడబాటు ఉంది. హాస్టల్ పిల్ల “బెంగగా ఉంది” అంటే దాన్ని వెంటనే “యాంగ్జైటీ”గానో “డిప్రెషన్”గానో మార్చి రాసుకుంటే, ఆ ఎడబాటు అనే అర్థం కాగితం మీదకు రాదు. పరీక్ష చేసి డిప్రెషన్ అని తేల్చాల్సిన సందర్భాలు ఉంటాయి, మందు అవసరమయ్యే సందర్భాలూ ఉంటాయి. రికార్డులో ఏం రాసుకున్నా, ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు మాత్రం “ఎవరి మీద బెంగ?” అని అడగగలగాలి.

ఇంకా చాలామంది, ముఖ్యంగా పెద్దవయసువాళ్లు, బాధను మనసు పేరుతో చెప్పరు. గుండెలో దడ, అరికాళ్ల మంటలు, తల దిమ్ము, నరాల నీరసం, ఒంట్లో ఏదోలా ఉండటం. గుంటూరు జనరల్ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రుల్లో ఇలాంటివాళ్లు ముందు వేరే విభాగాలన్నీ తిరిగి, పరీక్షలన్నీ మామూలుగా వచ్చాక మానసిక వైద్య విభాగానికి వస్తారు. అప్పటికే “మీకు ఏమీ లేదు, అంతా మనసులోనే ఉంది” అనే మాట పది మంది అనేసి ఉంటారు. అది వాళ్లకు “నువ్వు అబద్ధం చెబుతున్నావు” అన్నట్టు వినిపిస్తుంది. అలాంటి మనిషిని మళ్లీ మనసు గురించి అడగడానికి ముందు, ఆ మంట గురించి పూర్తిగా వినాలి. ఎప్పుడు మొదలైంది, రాత్రి పెరుగుతుందా, పెరిగినప్పుడు ఇంట్లో ఎవరుంటారు. “రాత్రి ఎవరూ ఉండరమ్మా” అనే జవాబు అక్కడే వస్తుంది.

విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో ఇలా రాత్రి ఎవరూ ఉండనివాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలిద్దరూ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. డబ్బుకు లోటు లేదు. అలాంటి డెబ్బై ఏళ్ల ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ల కౌన్సెలర్‌తో “మా మనవరాలి వయసుదానివి, నీకేం తెలుస్తుందమ్మా” అంటుంది. ఇక్కడ “లేదండీ, నేను అర్థం చేసుకోగలను” అనడం పెద్ద పొరపాటు. “నిజమేనండీ, నాకు ఆ వయసు అనుభవం లేదు. మీరు చెబితే తెలుసుకుంటాను” అనడం నిజాయితీ. ఆవిడకు అలవాటైన పెద్దరికాన్ని అది ఆవిడకే ఉంచుతుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించకపోవడం కూడా సహానుభూతిలో భాగమే.

‘మనం’ అనే మాటతో జాగ్రత్త

తెలుగులో ‘మేము’, ‘మనం’ రెండూ ఉండటం కౌన్సెలర్లకు ఒక వరం. “మనం ఏం చేద్దామో చూద్దాం” అంటే క్లయింటు ఒంటరివాడు కాడు. కానీ ఇదే ‘మనం’ ఒక్కోసారి రోజర్స్ చెప్పిన ‘అన్నట్టు’ను తుడిచేస్తుంది. “మన ఆడవాళ్లకు ఇవన్నీ మామూలేగా” అన్న కౌన్సెలర్, కలుపుకుంటున్నాననుకుంటూ ఎదురుగా ఉన్న ఒక్క మనిషి ప్రత్యేకమైన బాధను అందరి బాధలో కలిపేస్తుంది.

విజయవాడ, గుంటూరు వైపు ఇంకో ‘మన’ కూడా ఉంది. “మీ ఇంటిపేరు ఏంటండీ?” అని క్లయింటు అడుగుతాడు. మనవాళ్లేనా అని తెలుసుకోవడానికి. ఒకే కులమని తెలిస్తే కొందరు నిశ్చింతగా మాట్లాడతారు. మరికొందరికి అదే భయం, మాట తిరిగి తిరిగి చుట్టాల దాకా వెళుతుందేమోనని. వేరే కులమైతే, ముఖ్యంగా అవమానం అనుభవించి వచ్చిన మనిషికి, “వీళ్లకు నా బాధ ఏం తెలుసు” అనే సందేహం న్యాయంగానే ఉంటుంది. ఇవన్నీ గదిలో ఉన్నాయని తెలిసి కూడా లేనట్టు నవ్వేయడం సహానుభూతి కాదు. “నేను వేరే చోటి నుంచి వచ్చినదాన్ని. నాకు తెలియకుండా మిమ్మల్ని నొప్పించే మాట ఏదైనా అంటే చెబుతారా?” అని ఒక్కసారి అడిగినా ఆ సందేహానికి మర్యాద దక్కుతుంది.

సలహా తప్పా?

రోజర్స్ దారిలో చదువుకున్నవాళ్లు సలహా అనే మాటకే భయపడతారు. ఆ భయం కొంతవరకు సరైనదే. ఎదుటివాళ్ల తప్పు కనబడగానే సరిచేసెయ్యాలనే తొందర సాయం చేసే వృత్తుల్లో అందరికీ ఉంటుందని, మద్యం సమస్యలపై పనిచేసిన విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్‌నిక్ గట్టిగా చెప్పారు. తాగుడు మానెయ్యమని ఎంత గట్టిగా చెబితే, ఆ మనిషి తాగడానికి అంత గట్టిగా కారణాలు వెతుకుతాడు. తెలుగు ఇళ్లలో ఇది ఎవరికీ కొత్త విషయం కాదు.

కానీ మన దేశంలో ఇంకో వైపు కూడా ఉంది. మానసిక వైద్యుడు జె.ఎస్. నెకి 1973లోనే గురుశిష్య సంబంధాన్ని థెరపీకి ఒక నమూనాగా చూడవచ్చని రాశారు. దారి చూపించే పెద్దమనిషి కోసం వచ్చిన మనిషికి, “మీకేమనిపిస్తోంది?” అని ప్రతిసారీ ప్రశ్నే జవాబుగా ఇస్తే, తనను గాలికి వదిలేశారనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో సరుకు తక్కువకు అమ్ముకుని, అప్పుతో నిద్రలేక వచ్చిన కౌలు రైతుకు అతని భావాలను తిరిగి వినిపించి ఊరుకుంటే అది క్రూరత్వం అవుతుంది. ఆ రాత్రి ఎవరితో ఉండాలి, ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుంది, దాన్ని ఎవరి చేతికివ్వాలి అన్నవి స్పష్టంగా మాట్లాడాలి, స్పష్టంగా చెప్పాలి. అర్థం చేసుకున్న తర్వాత వచ్చే సలహా వేరు, అర్థం చేసుకోకుండా ఉండటానికి ఇచ్చే సలహా వేరు. మనం వాడే “అన్నీ సర్దుకుంటాయిలే”, “మీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు”, “దేవుడి మీద భారం వెయ్యండి” లాంటివి చాలావరకు రెండో రకం. మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ అక్కడితో ఎదుటి మనిషి మాట ఆగిపోతుంది.

2024 ఆగస్టు నెలాఖరు వానలకు బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు అందరి నోటా విన్న మాట “ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు”. నిజమే. కానీ మునిగిన కుట్టు మిషన్ గురించి ఏడుస్తున్న ఆడమనిషితో ఆ మాట అంటే, ఆమె మిషన్ గురించి ఇంకెవరితోనూ చెప్పదు. ఆ మిషన్ ఆమె సొంత సంపాదన అయి ఉండవచ్చు, భర్త దగ్గర చెయ్యి చాపనక్కర్లేని బతుకు అయి ఉండవచ్చు. విపత్తుల తర్వాత అందించే మానసిక ప్రథమ చికిత్సపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శి చెప్పేది కూడా ఇదే తీరులో ఉంటుంది. చూడాలి, వినాలి, కావలసిన సాయంతో కలపాలి. జరిగినదంతా చెప్పమని బలవంతం చేయకూడదు. మనిషి చెప్పడానికి సిద్ధంగా లేనిదాన్ని “బయటికి కక్కేస్తే తేలికవుతుంది” అని తవ్వి తీయడం సహానుభూతి అనిపించుకోదు.

అర్థం చేసుకోవడం, ఒప్పుకోవడం

భార్యను కొట్టే మనిషి థెరపిస్టు ముందు కూర్చుంటాడు. అతని తండ్రి అతని తల్లిని కొట్టేవాడు. ఆ చిన్నప్పటి భయం థెరపిస్టుకు అర్థమవుతుంది, అర్థమవ్వాలి కూడా. దానితో కొట్టడం తప్పు కాకుండా పోదు. అర్థం చేసుకుంటే సమర్థించినట్టేనన్న అనుమానం వల్లే చాలామంది అలాంటి మనిషి కథ వినడానికే ఇష్టపడరు.

సహానుభూతి దానంతట అది మంచిదేం కాదు. మనోవిశ్లేషకుడు హైంజ్ కోహుట్ దాన్ని ఎదుటి మనిషి లోపలిని తెలుసుకునే సాధనంగా చూశాడు. దాన్ని నాశనానికి కూడా వాడవచ్చని తన చివరి ప్రసంగంలో హెచ్చరించాడు. అప్పు యాప్‌ల వసూళ్లవాళ్లు ఇందుకు మనకు తెలిసిన ఉదాహరణ. ఎవరికి ఫోన్ చేస్తే, ఏ మాట అంటే ఈ మనిషి పరువు పోతుందని భయపడతాడో వాళ్లకు బాగా తెలుసు. థెరపిస్టుకు కూడా అంతే తెలుస్తుంది. అందుకే ఆ తెలిసినదానికి చట్టం కంచె వేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను చికిత్స పొందుతున్న వ్యక్తి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు లాంటి మినహాయింపులు ఉన్నాయి. పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. ఈ హద్దులను మొదటి సిట్టింగులోనే చెప్పడం మంచిది. “ఎవరికీ చెప్పను, ఒట్టు” అని నమ్మించి తర్వాత చెప్పాల్సి వస్తే ఆ గాయం మానదు.

థెరపిస్టుకు కన్నీళ్లు రావచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. అమెరికాలో 684 మంది మనస్తత్వవేత్తలను, శిక్షణలో ఉన్నవాళ్లను అడిగి 2013లో ప్రచురించిన సర్వేలో 72 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు సిట్టింగులో కన్నీళ్లు పెట్టుకున్నామన్నారు. కన్నీళ్లు తప్పు కాదు. కానీ క్లయింటు లేచి థెరపిస్టుకు మంచినీళ్లు ఇవ్వాల్సి వస్తే పాత్రలు మారిపోయినట్టే. ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్లను ఓదార్చడమే అలవాటు చేసిన చోట, ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

ఫోన్‌లో కన్నీళ్లు కనబడవు, ముఖం కనబడదు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ కౌన్సెలర్ చేతిలో ఉన్నది గొంతు ఒక్కటే. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే నానమ్మ కథ ఆపేసేది. ఫోన్‌లోనూ అంతే, ఊఁ లేకపోతే అవతలి మనిషి “హలో, ఉన్నారా?” అంటాడు. అయితే ఊఁ అంటే వింటున్నానని మాత్రమే. అర్థమైందని చెప్పాలంటే మధ్యలో ఒక్కసారైనా ఆగి, “నాకు ఇంతవరకు ఇలా అర్థమైంది, తప్పుంటే చెప్పండి” అనాల్సిందే.

కాదనే హక్కు క్లయింటు వైపు నుంచి కూడా వాడుకోవలసినదే. రెండు మూడు సిట్టింగులయ్యాక కూడా మాట కలవట్లేదనిపిస్తే, మానేసే ముందు ఒకసారి “మీరు అనుకుంటున్నది కాదండీ నా ఇబ్బంది” అని చెప్పి చూడాలి. మంచి థెరపిస్టు ఆ మాటకు నొచ్చుకోరు. ఆ రోజు నోట్సులో మొదట రాసుకునేది అదే అవుతుంది. నొచ్చుకుంటే వేరే థెరపిస్టును వెతుక్కోవడంలో తప్పులేదు.

సూర్యారావుపేట క్లినిక్‌లో ఆ రోజు సిట్టింగు అయిపోయింది. మేనమామ లోపలికి వచ్చి “ఏం చెప్పారు మేడమ్ వాడికి?” అని అడుగుతాడు. ఆవిడ చెప్పింది తక్కువ. విన్నదాంట్లో ఏది ఇంట్లోవాళ్లకు చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో అబ్బాయితో ముందే మాట్లాడుకున్నారు. ఫీజు సంగతి ఇప్పుడే వద్దన్నాడు. అందుకని ఆవిడ ఆ సంగతి ఎత్తకుండా, ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడని తండ్రి వైపు తిరిగి, “మీకు ఈ ఏడాది ఎలా గడుస్తోందండీ?” అని అడుగుతుంది.

“నాకేంటి మేడమ్, బాగానే ఉంది” అంటాడాయన, ఆ అబ్బాయి ‘అవును’ అన్నంత తొందరగా. ఆవిడ తల ఊపదు, తర్వాతి ప్రశ్నకు వెళ్లదు. కుర్చీ కొంచెం ఆయన వైపు జరుపుకుని కూర్చుంటుంది.